క్రాస్ కంపైల్ చేశాక మిగిలే ఫైళ్ళు: ఏవి తుడవాలి, ఎంతవరకు తుడవాలి, ఏవి ముట్టుకోకూడదు

ఎంబెడెడ్ బోర్డుకి (రౌటర్, రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్‌కి) పీసీ మీదే క్రాస్ కంపైల్ చేసి, అంటే వేరే ప్రాసెసర్‌కి పనికొచ్చే కోడ్ తయారుచేసి, లినక్స్ ఇమేజ్ కట్టేవాళ్ళకి రెండు ఇబ్బందులు తరచూ ఎదురవుతాయి. ఒకటి, డిస్క్ నిండిపోయి బిల్డ్ మధ్యలో ఆగిపోవడం. రెండోది, సోర్స్‌లో తప్పేమీ లేకపోయినా బోర్డు మీద ప్రోగ్రాం "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అంటూ పడిపోవడం. రెండిటి వెనకా చాలాసార్లు ఉండేది పాత బిల్డ్ ఫైళ్ళే. దీనికి ఎక్కువమంది చేసే వైద్యం "మేక్ క్లీన్" (బిల్డ్ నడిపే "మేక్" టూల్‌తో పాత ఫైళ్ళు తుడిపించే కమాండ్) కొట్టడం, అప్పటికీ లొంగకపోతే ఫోల్డర్ మొత్తం లేపేయడం. మొదటిది తరచూ చాలదు. రెండోది చేస్తే గంటల తరబడి తిరిగి బిల్డ్ చేసుకోవాలి, ఒక్కోసారి మళ్ళీ దొరకని ఫైళ్ళు కూడా దానితోపాటే పోతాయి. అసలు ఏం మారిందో చూసుకుంటే ఎంత తుడవాలో తెలిసిపోతుంది.

ఒకే ఫోల్డర్‌లో రెండు మెషీన్ల కోడ్

మామూలు పీసీ ప్రోగ్రాం అయితే పాత ఆబ్జెక్ట్ ఫైల్ (ఒక సోర్స్ ఫైల్‌ని కంపైల్ చేస్తే వచ్చే ముక్క) మిగిలిపోయినా అది అదే ప్రాసెసర్‌కి తయారైన కోడ్. క్రాస్ కంపైల్‌లో అలా కాదు. ఒకే సోర్స్ ఫోల్డర్‌లో పొద్దున పీసీకి, సాయంత్రం ఆర్మ్ బోర్డుకి బిల్డ్ చేస్తే రెండు రకాల ఆబ్జెక్ట్ ఫైళ్ళూ ఒకే పేరుతో ఒకేచోట ఉంటాయి. "మేక్" చూసేది ఫైళ్ళ టైమే. సోర్స్ కన్నా ఆబ్జెక్ట్ ఫైల్ కొత్తదైతే ఆ పని అయిపోయినట్టే దాని లెక్క. కంపైలర్ మారిందా, ఫ్లాగులు మారాయా అన్నది అది పట్టించుకోదు.

అప్పుడు ఆ ముక్కల్ని ఒక ప్రోగ్రాంగా కలిపే లింకర్ దగ్గర "ఫైల్ ఇన్ రాంగ్ ఫార్మాట్" అనో, "రీలొకేషన్స్ ఇన్ జెనరిక్ ఈఎల్ఎఫ్, ఈఎం 62" అనో వస్తుంది. ఈ 62 దగ్గర ఆగి చూడండి. ప్రతి ఈఎల్ఎఫ్ ఫైల్ (లినక్స్‌లో ఆబ్జెక్ట్ ఫైళ్ళు, ప్రోగ్రాంలు ఉండే ఫార్మాట్) తలలోనూ అది ఏ మెషీన్‌దో చెప్పే అంకె ఒకటి ఉంటుంది: 32 బిట్ ఎక్స్86కి 3, 32 బిట్ ఆర్మ్‌కి 40, 64 బిట్ ఎక్స్86కి 62, 64 బిట్ ఆర్మ్‌కి 183, రిస్క్-వీకి 243. ఆర్మ్ లింకర్ 62 అని ఫిర్యాదు చేసిందంటే పీసీ కోసం తయారైన ఆబ్జెక్ట్ ఫైల్ లోపల మిగిలిపోయిందని అర్థం. కంపైలర్‌ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, ఆ మిగులు తీసేస్తే చాలు.

ఎర్రర్ వచ్చిందంటే అదృష్టమనే చెప్పాలి, ఎందుకంటే నిశ్శబ్దంగా లింక్ అయిపోయేవి ఇంతకన్నా ప్రమాదం. ఆర్మ్‌లో హార్డ్ ఫ్లోట్, సాఫ్ట్ ఫ్లోట్ (దశాంశ సంఖ్యల్ని ఫంక్షన్లకి అందించే రెండు పద్ధతులు) కలిస్తే లింకర్ "యూజెస్ వీఎఫ్‌పీ రిజిస్టర్ ఆర్గ్యుమెంట్స్" అని అడ్డుకుంటుంది. కానీ పాత ఆర్మ్ వెర్షన్ అయిన ఆర్మ్‌వీ6కి కంపైల్ చేసిన ఆబ్జెక్ట్ ఫైళ్ళ మధ్య దాని తర్వాతి ఆర్మ్‌వీ7వి నాలుగు కలిస్తే చప్పుడు చేయకుండా కలిపేస్తుంది. మొదటితరం రాస్ప్‌బెర్రీ పై, పై జీరో బోర్డుల్లో ఉన్నది ఆర్మ్‌వీ6 ప్రాసెసర్. డెబియన్ ఇచ్చే ఆర్మ్ హార్డ్ ఫ్లోట్ క్రాస్ కంపైలర్ డిఫాల్ట్‌గా ఆర్మ్‌వీ7కి కోడ్ ఇస్తుంది. బోర్డు మీద ప్రోగ్రాం మొదలై, ఆ ఆర్మ్‌వీ7 ఫంక్షన్ దగ్గరికి వచ్చాకే పడిపోతుంది. అనుమానం వస్తే "రీడ్‌ఎల్ఫ్" టూల్‌ని క్యాపిటల్ ఏ (-A) ఆప్షన్‌తో నడిపి సీపీయూ ఆర్కిటెక్చర్ ట్యాగ్‌లో ఏముందో చూడండి. తయారైన ప్రోగ్రాంలో కనిపించేది కలిసిన వాటన్నిటిలోకీ పెద్ద వెర్షన్. కాబట్టి ఒక్కొక్క ఆబ్జెక్ట్ ఫైల్‌నీ విడిగా చూస్తేనే దొంగ దొరుకుతాడు.

టైమ్ వల్ల ఇంకో రెండు చిక్కులున్నాయి. టార్ ఫైల్ (సోర్స్‌ని మూటగట్టిన ఫైల్) విప్పినప్పుడు లోపలి ఫైళ్ళు వాటి పాత తేదీలతోనే వస్తాయి. ఒక లైబ్రరీని పాత వెర్షన్‌కి తగ్గించి అదే ఫోల్డర్‌లో విప్పితే సోర్స్ తేదీ ఆబ్జెక్ట్ ఫైల్ కన్నా వెనకది అవుతుంది, "మేక్" దాన్ని ముట్టుకోదు. రెండోది, బ్యాటరీతో నడిచే గడియారం లేని బోర్డు నెట్‌వర్క్ ఫోల్డర్‌ని మౌంట్ చేసుకుని అందులో ఫైళ్ళు రాయడం. బోర్డు టైమ్ 1970 దగ్గర ఉంటే, అక్కడ "మేక్" నడిపినప్పుడు "క్లాక్ స్క్యూ డిటెక్టెడ్" అన్న హెచ్చరిక వస్తుంది, ఏది కొత్తదో ఏది పాతదో లెక్క తప్పిపోతుంది. అలాంటప్పుడు ముందు బోర్డు టైమ్ సరిచేయండి, ఆ తర్వాత తుడవండి. వరస తిప్పితే సమస్య మళ్ళీ మొదటికే వస్తుంది.

కెర్నల్: మూడు మెట్లు, ఒక ఉచ్చు

లినక్స్ కెర్నల్ ఈ విషయంలో మామూలు మేక్‌ఫైళ్ళ కన్నా తెలివైనది. ప్రతి ఆబ్జెక్ట్ ఫైల్ పక్కనా చుక్కతో మొదలై "సీఎండీ"తో ముగిసే చిన్న ఫైల్ ఒకటి పెట్టి, దాన్ని ఏ కమాండ్‌తో కంపైల్ చేసిందో అందులో రాసుకుంటుంది. ఫ్లాగులు మారితే అదే గమనించి తిరిగి కంపైల్ చేస్తుంది. అందుకే కెర్నల్‌లో ఒక్క కాన్ఫిగ్ ఆప్షన్ మార్చిన ప్రతిసారీ "క్లీన్" కొట్టడం వృథా శ్రమ.

తుడవడానికి అక్కడ మూడు మెట్లున్నాయి. "క్లీన్" ఆబ్జెక్ట్ ఫైళ్ళని తీసేస్తుంది కానీ మీ ఎంపికలు దాచుకునే డాట్ కాన్ఫిగ్ ఫైల్‌నీ, బయటి మాడ్యూళ్ళని (కెర్నల్‌కి విడిగా తగిలించే డ్రైవర్ల లాంటివాటిని) కంపైల్ చేయడానికి కావలసిన వాటినీ ఉంచుతుంది. "ఎంఆర్‌ప్రాపర్" కాన్ఫిగ్‌తో సహా తయారైనవన్నీ తీసేస్తుంది. "డిస్ట్‌క్లీన్" వాటితోపాటు ఎడిటర్ బ్యాకప్ ఫైళ్ళనీ, ప్యాచ్‌లు వేసినప్పుడు మిగిలే ముక్కల్నీ కూడా తుడుస్తుంది.

ఉచ్చు ఎక్కడంటే, తుడిచేటప్పుడు కూడా ఏ ప్రాసెసర్‌కో చెప్పే ఆర్క్ వేరియబుల్ ఇవ్వాలి. బిల్డ్‌కి ఆర్క్ ఈక్వల్స్ ఆర్మ్ అని ఇచ్చి, తుడిచేటప్పుడు ఉత్త "మేక్ ఎంఆర్‌ప్రాపర్" అంటే అది మీ పీసీ ఆర్కిటెక్చర్ ఫోల్డర్‌లోకి వెళ్ళి శుభ్రం చేస్తుంది. ఆబ్జెక్ట్ ఫైళ్ళు చెట్టంతా వెతికి తీసేస్తుంది గానీ, ఆర్క్/ఆర్మ్ కింద తయారైన హెడర్లు, బూట్ ఫోల్డర్‌లోని జీఇమేజ్ (బోర్డు బూట్ చేసే కుదించిన కెర్నల్) అక్కడే ఉండిపోతాయి. పాత జీఇమేజ్‌ని కొత్తదనుకుని బోర్డులోకి ఎక్కించడం ఇలాగే జరుగుతుంది. ఆ తర్వాత వేరే అవుట్‌పుట్ ఫోల్డర్‌లో బిల్డ్ చేయబోతే "ది సోర్స్ ట్రీ ఈజ్ నాట్ క్లీన్" అని ఆగిపోతుంది. ఇప్పుడే కదా తుడిచాం అనిపిస్తుంది. కెర్నల్ మేక్‌ఫైల్ చూసేది మూడు చోట్లు: డాట్ కాన్ఫిగ్ ఉందా, ఇంక్లూడ్/కాన్ఫిగ్ ఉందా, ఆ ఆర్కిటెక్చర్ కింద ఇంక్లూడ్/జెనరేటెడ్ ఉందా. మూడోది మిగిలిపోయి ఉంటుంది. అదే ఆర్క్ విలువతో ఎంఆర్‌ప్రాపర్ మళ్ళీ కొడితే పోతుంది. కొట్టే ముందు డాట్ కాన్ఫిగ్‌ని పక్కన కాపీ చేసుకోండి.

ఈ బాధ మొదట్లోనే తప్పించుకోవాలంటే సోర్స్ ఫోల్డర్‌లో అసలు బిల్డే చేయకూడదు. కెర్నల్‌కి, బిల్డ్‌రూట్‌కి (ఎంబెడెడ్ లినక్స్ ఇమేజ్ మొత్తాన్ని తయారుచేసే టూల్‌కి) క్యాపిటల్ ఓ (O) వేరియబుల్‌తో వేరే ఫోల్డర్ చూపించవచ్చు. ఆటోటూల్స్ ప్రాజెక్టులకి ఖాళీ ఫోల్డర్‌లోకి వెళ్ళి అక్కణ్ణుంచి కాన్ఫిగర్ స్క్రిప్ట్‌ని పిలవొచ్చు. ఒక్కో బోర్డుకి ఒక్కో ఫోల్డర్ పెట్టుకుంటే తుడవడమంటే ఆ ఫోల్డర్‌ని తీసేయడమే, ఏ క్లీన్ టార్గెట్ ఏం వదిలేస్తుందో గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కొత్త ప్రాజెక్ట్ మొదలుపెట్టేవాళ్ళు మిగతావన్నీ పక్కనపెట్టినా ఈ ఒక్క అలవాటు చేసుకోవాలి.

సీమేక్ అన్న బిల్డ్ టూల్‌లో అడ్డం పడేది క్యాష్. కంపైలర్ ఏదన్నది మొదటిసారి నడిపినప్పుడే సీమేక్‌క్యాష్ ఫైల్‌లో స్థిరపడిపోతుంది. తర్వాత అదే ఫోల్డర్‌లో వేరే టూల్‌చైన్ ఫైల్ (ఏ కంపైలర్, దాని తోడు టూల్స్ వాడాలో చెప్పేది) ఇస్తే దాన్ని వాడదు, ఇచ్చిన వేరియబుల్ ఉపయోగపడలేదని చివర్లో ఒక హెచ్చరిక వేసి ఊరుకుంటుంది. "క్లీన్" టార్గెట్ ఆబ్జెక్ట్ ఫైళ్ళనే తీస్తుంది, క్యాష్ జోలికి పోదు. 3.24 వెర్షన్ నుంచి "ఫ్రెష్" అన్న ఆప్షన్ ఉంది, క్యాష్ ఫైల్‌నీ సీమేక్‌ఫైల్స్ ఫోల్డర్‌నీ తీసేసి కొత్తగా మొదలుపెడుతుంది. అంతకన్నా పాత వెర్షన్ అయితే బిల్డ్ ఫోల్డర్ తీసేసి మళ్ళీ సృష్టించుకోవాలి.

బిల్డ్‌రూట్: ప్యాకేజీ తీసేసినా ఫైళ్ళు పోవు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. బిల్డ్‌రూట్ అవుట్‌పుట్ ఫోల్డర్‌లో ముఖ్యమైనవి నాలుగు. "బిల్డ్"లో ఒక్కో ప్యాకేజీ విప్పి కంపైల్ అవుతుంది. "హోస్ట్"లో పీసీ మీద నడిచే టూల్స్, క్రాస్ కంపైలర్, సిస్‌రూట్ (బోర్డు లైబ్రరీలు, హెడర్లు కంపైలర్‌కి కనిపించే చోటు) ఉంటాయి. "స్టేజింగ్" అని కనిపించేది ఆ సిస్‌రూట్‌కి లింక్ మాత్రమే. "టార్గెట్"లో బోర్డులోకి వెళ్ళబోయే ఫైళ్ళు పోగవుతాయి. "ఇమేజెస్"లో చివరి ఫలితం ఉంటుంది.

ప్రతి ప్యాకేజీ ఫోల్డర్‌లోనూ ఏ దశ పూర్తయిందో చెప్పే ఖాళీ ఫైళ్ళు ఉంటాయి. వాటిని స్టాంప్ ఫైళ్ళంటారు: డౌన్‌లోడెడ్, ఎక్స్‌ట్రాక్టెడ్, ప్యాచ్డ్, కాన్ఫిగర్డ్, బిల్ట్, స్టేజింగ్ ఇన్‌స్టాల్డ్, టార్గెట్ ఇన్‌స్టాల్డ్ ఇలా. స్టాంప్ ఉంటే ఆ దశ మళ్ళీ జరగదు. బిల్డ్‌రూట్ తుడుపు మొత్తం ఈ స్టాంపుల చుట్టూనే తిరుగుతుంది. "రీబిల్డ్" అంటే బిల్డ్ దశ నుంచి, "రీకాన్ఫిగర్" అంటే కాన్ఫిగర్ దశ నుంచి మళ్ళీ మొదలవుతుంది. "డర్‌క్లీన్" ఆ ప్యాకేజీ ఫోల్డర్‌నే తీసేస్తుంది.

డర్‌క్లీన్ తీసేది బిల్డ్ కింద ఉన్న ఫోల్డర్ ఒక్కదాన్నే. ఆ ప్యాకేజీ టార్గెట్‌లోకీ స్టేజింగ్‌లోకీ అప్పటికే కాపీ చేసిన ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి. ఎంపికల మెనూ అయిన మెనూకాన్ఫిగ్‌లో ప్యాకేజీ మీద టిక్ తీసేసినా అంతే. ఇమేజ్ సైజ్ తగ్గలేదేమిటని తల పట్టుకునేవాళ్ళు ముందు చూసుకోవలసింది ఇదే. ఇంతకన్నా లోతైన సమస్య స్టేజింగ్‌లో ఉంది. తీసేసిన లైబ్రరీ హెడర్, ఆ లైబ్రరీ ఎక్కడుందో చెప్పే ప్యాకేజ్‌కాన్ఫిగ్ ఫైల్ అక్కడ మిగిలితే, తర్వాత కాన్ఫిగర్ అయ్యే మరో ప్యాకేజీ ఆ లైబ్రరీ ఉందనుకుని దానికి లింక్ అవుతుంది. మీ మెషీన్‌లో పనిచేస్తుంది. సహోద్యోగి శుభ్రంగా మొదలుపెట్టి బిల్డ్ చేస్తే ప్రోగ్రాం వేరుగా తయారవుతుంది, తేడా ఎందుకొచ్చిందో ఇద్దరికీ అంతుబట్టదు.

దీనికి తిరగేసిన సమస్యా ఉంది. ఓపెన్ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) లేకుండా డబ్ల్యూగెట్ (డౌన్‌లోడ్ ప్రోగ్రాం) బిల్డ్ చేశారు, తర్వాత ఓపెన్ఎస్ఎస్ఎల్‌ని కలిపారు. డబ్ల్యూగెట్ స్టాంపులు ఉన్నాయి కాబట్టి అది మళ్ళీ కాన్ఫిగర్ కాదు, హెచ్‌టీటీపీఎస్ పనిచేయదు. ఒక లైబ్రరీని రీబిల్డ్ చేసినా దాని మీద ఆధారపడ్డ ప్యాకేజీలు వాటంతటవి రీబిల్డ్ కావు.

కాబట్టి లెక్క ఇలా వేసుకోవాలి. ఆర్కిటెక్చర్, టూల్‌చైన్, సీ లైబ్రరీ వీటిలో ఏది మారినా పూర్తి "మేక్ క్లీన్" తప్పదు, మధ్యేమార్గం లేదు. మౌలిక ఫోల్డర్ల చట్రమైన స్కెలిటన్ మారినా, లైబ్రరీ లాంటి ప్యాకేజీ తీసేసినా అదే సరైన పని. రూట్‌ఫైల్‌సిస్టమ్ ఓవర్‌లేలో (టార్గెట్ మీద చివర్లో కాపీ అయ్యే మీ సొంత ఫైళ్ళలో) ఫైల్ మార్చినా, పోస్ట్-బిల్డ్ స్క్రిప్ట్ మార్చినా ఏమీ తుడవనక్కర్లేదు, "మేక్" చాలు. ఓవర్‌లే నుంచి ఫైల్ తొలగిస్తే మాత్రం అది టార్గెట్‌లో అలాగే ఉంటుంది.

ప్రోగ్రాం లాంటి ప్యాకేజీ తీసేశారు, దాని మీద ఇంకేదీ ఆధారపడలేదు, ఇమేజ్‌లోంచి అది పోతే చాలనుకుంటే గంటల బిల్డ్ అవసరం లేని దారి ఒకటుంది. అవుట్‌పుట్/టార్గెట్ ఫోల్డర్‌ని తీసేయండి. "ఫైండ్" కమాండ్‌తో అవుట్‌పుట్ కింద ఉన్న టార్గెట్ ఇన్‌స్టాల్డ్ స్టాంపులన్నీ తుడవండి. దానితోపాటు బిల్డ్ కింద హోస్ట్-జీసీసీ-ఫైనల్ ఫోల్డర్‌లోని హోస్ట్ ఇన్‌స్టాల్డ్ స్టాంప్ కూడా తీసేయండి. ఆ తర్వాత "మేక్". ఏదీ కంపైల్ కాదు, తయారై ఉన్నవాటిని మళ్ళీ టార్గెట్‌లోకి కాపీ చేసుకుంటుంది. మూడో అడుగు మర్చిపోతే ఇమేజ్‌లో జీసీసీ రన్‌టైమ్ లైబ్రరీలు ఉండవు, ఎందుకంటే అవి టార్గెట్‌లోకి వెళ్ళేది ఆ హోస్ట్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ దశలోనే. సీ++ ప్రోగ్రాం ఏదీ బూట్ అయ్యాక నడవదు. స్టేజింగ్ మిగులు ఈ పద్ధతిలో పోదన్నది గుర్తుంచుకోండి. బయటికి ఇచ్చే రిలీజ్ బిల్డ్‌కి ఇది వాడకూడదు.

బిల్డ్‌రూట్‌లో "క్లీన్" కొట్టే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. లినక్స్-మెనూకాన్ఫిగ్‌లో చేసిన మార్పులు బిల్డ్ ఫోల్డర్ లోపలి కెర్నల్ కాన్ఫిగ్‌లోనే ఉంటాయి, లినక్స్-అప్‌డేట్-డెఫ్‌కాన్ఫిగ్‌తో బయటికి రాసుకోకపోతే పోయినట్టే. అవుట్‌పుట్/బిల్డ్ కింద సోర్స్‌ని చేత్తో సవరించినా అదే గతి. తరచూ సవరించే ప్యాకేజీ అయితే ఓవర్‌రైడ్ సోర్స్ డైరెక్టరీ సదుపాయంతో సోర్స్‌ని బయట పెట్టుకోవాలి. "డిస్ట్‌క్లీన్" డాట్ కాన్ఫిగ్‌తోపాటు బిల్డ్‌రూట్ లోపలి డీఎల్ ఫోల్డర్‌ని కూడా తీసేస్తుంది, అంటే డౌన్‌లోడ్ చేసిన టార్ ఫైళ్ళన్నీ పోతాయి. డౌన్‌లోడ్ డైరెక్టరీ వేరియబుల్‌తో ఆ ఫోల్డర్‌ని మొదటిరోజే బయటికి మార్చేయండి.

స్థలం చాలక అవుట్‌పుట్ ఫోల్డర్‌ని వేరే డిస్క్‌కి జరపడం కూడా మామూలుగా చేసే పొరపాటే. హోస్ట్ టూల్స్‌లో పూర్తి పాత్‌లు రాసి ఉంటాయి, జరిపితే విరిగిపోతాయి. సీమేక్ క్యాష్ కూడా తాను పుట్టిన ఫోల్డర్ వేరని చెప్పి ఆగిపోతుంది.

యోక్టో, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ

యోక్టో కూడా బిల్డ్‌రూట్ లాంటి టూలే. అందులో తీసేయడానికి భయపడనక్కర్లేని ఫోల్డర్ "టీఎంపీ". ఎక్కువ స్థలం మింగేది అదే, మొత్తం తీసేసినా ఎస్‌స్టేట్-క్యాష్ (ఇదివరకటి బిల్డ్ ఫలితాల నిల్వ) ఉంటే చాలావరకు కంపైల్ లేకుండా తిరిగి నిలబడుతుంది. యోక్టో బిల్డ్‌ని నడిపే బిట్‌బేక్ పనిలో ఉండగా మాత్రం తీయకండి. లోకల్ కాన్ఫ్‌లో ఇన్‌హెరిట్‌కి "ఆర్ఎం వర్క్" కలిపితే ఒక్కో రెసిపీ (ఒక ప్యాకేజీని ఎలా బిల్డ్ చేయాలో రాసిన ఫైల్) పూర్తవగానే దాని వర్క్ ఫోల్డర్ లాగులు తప్ప అదే ఖాళీ అవుతుంది. మీరు డీబగ్ చేస్తున్న రెసిపీలని ఆర్ఎం వర్క్ ఎక్స్‌క్లూడ్ జాబితాలో వేయండి, లేకపోతే సోర్స్ చూడబోయేసరికి అక్కడ ఉండదు.

ఒక్క రెసిపీ మొండికేస్తే "క్లీన్ఎస్‌స్టేట్" వాడాలి. ఉత్త "క్లీన్" చేస్తే పాత ఫలితమే ఎస్‌స్టేట్ నుంచి తిరిగొస్తుంది. "క్లీన్ఆల్" డౌన్‌లోడ్ ఫైళ్ళని కూడా తీసేస్తుంది, డౌన్‌లోడ్ ఫోల్డర్‌ని జట్టంతా పంచుకుంటుంటే దాని జోలికి వెళ్ళొద్దు. ఎస్‌స్టేట్-క్యాష్ మాత్రం దానంతటది తగ్గదు, ప్రతి మార్పుకీ కొత్త ఫైళ్ళు చేరుతూనే ఉంటాయి. స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో ఎస్‌స్టేట్-క్యాష్-మేనేజ్‌మెంట్ అన్న స్క్రిప్ట్ పాత నకళ్ళని తీసేస్తుంది. కొత్త విడుదలల్లో దాన్ని పైథాన్‌లో తిరిగి రాశారు.

డిస్క్‌లో జీబీలు ఖాళీగా కనిపిస్తున్నా "నో స్పేస్ లెఫ్ట్" వస్తే ఐనోడ్లు (ప్రతి ఫైల్‌కీ డిస్క్‌లో ఒకటి కావలసిన నమోదులు) అయిపోయాయేమో "డీఎఫ్" కమాండ్‌కి ఐ ఆప్షన్ ఇచ్చి చూడండి. లక్షల చిన్న ఫైళ్ళు పుట్టే పని ఇది. యోక్టో డిస్క్ మానిటర్ అందుకే ఖాళీ స్థలంతోపాటు ఐనోడ్ల లెక్క కూడా చూస్తుంది.

రౌటర్ల కోసం వాడే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో "క్లీన్" అంటే బిన్, బిల్డ్‌డర్ ఫోల్డర్లు పోతాయి. "డర్‌క్లీన్" అంటే వాటితోపాటు స్టేజింగ్‌డర్, టూల్‌చైన్ కూడా. "డిస్ట్‌క్లీన్" అంటే కాన్ఫిగ్, ఫీడ్లు (బయటి నుంచి తెచ్చుకునే అదనపు ప్యాకేజీలు), డౌన్‌లోడ్లు అన్నీ. డర్‌క్లీన్ అన్న ఒకే పేరు బిల్డ్‌రూట్‌లో ఒక ప్యాకేజీకి, ఇక్కడ టూల్‌చైన్ మొత్తానికి వర్తిస్తుంది. రెండిట్లోనూ పనిచేసేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి.

వీటన్నిటినీ పక్కనపెట్టి "గిట్ క్లీన్"తో తుడిచేవాళ్ళూ ఉన్నారు. ఎక్స్, డీ, ఎఫ్ ఆప్షన్లతో అది గిట్ ట్రాక్ చేయని ఫైళ్ళనీ, ఇగ్నోర్ చేసే ఫైళ్ళనీ అన్నిటినీ తీసేస్తుంది. డాట్ కాన్ఫిగ్, డౌన్‌లోడ్ ఫోల్డర్ కూడా సరిగ్గా ఆ కోవలోనివే. ముందు ఎఫ్ బదులు ఎన్ ఇచ్చి ఏం పోతాయో జాబితా చదవండి. ఉంచాల్సినవి "ఈ" (-e) అక్షరం ఆప్షన్‌తో మినహాయించండి.

స్ట్రిప్ చేశాక ఏది దాచాలి

బోర్డులోకి వెళ్ళే ఫైళ్ళలోంచి డీబగ్ సమాచారం తీసేయడం, అంటే స్ట్రిప్ చేయడం, కూడా తుడుపే. బిల్డ్‌రూట్ ఈ పని ఇమేజ్ కట్టే ముందు తానే చేస్తుంది, హెడర్లు, స్టాటిక్ లైబ్రరీలు, మాన్ పేజీలు కూడా టార్గెట్‌లోంచి తీసేస్తుంది. చేత్తో చేసేటప్పుడు పీసీ "స్ట్రిప్" వాడితే ఫార్మాట్ గుర్తుపట్టలేనంటుంది. క్రాస్ టూల్‌చైన్ పేరుతో మొదలయ్యే స్ట్రిప్‌నే వాడాలి. కెర్నల్ మాడ్యూళ్ళకి "స్ట్రిప్-డీబగ్" ఆప్షన్ మాత్రమే ఇవ్వండి. సింబల్స్ (ఫంక్షన్ల లాంటివాటి పేర్లు) అన్నీ తీసేస్తే కెర్నల్ ఆ మాడ్యూల్‌ని లోడ్ చేసుకోలేదు. మాడ్యూల్స్-ఇన్‌స్టాల్ సమయంలో ఇన్‌స్టాల్ మాడ్ స్ట్రిప్ విలువ 1 ఇస్తే కెర్నల్ బిల్డే ఈ పని సరిగ్గా చేస్తుంది.

డీబగ్ సమాచారంతో ఉన్న వీఎంలినక్స్ (కుదించని కెర్నల్ ఫైల్) వందల ఎంబీ ఉంటుంది, బోర్డులోకి వెళ్ళే జీఇమేజ్ కొన్ని ఎంబీలే. అందుకని తుడిచేటప్పుడు మొదట కన్ను పడేది వీఎంలినక్స్ మీదే. కానీ ఫీల్డ్‌లో ఉన్న బోర్డు నుంచి ఊప్స్ లాగ్ (కెర్నల్‌లో తప్పు జరిగినప్పుడు వచ్చే రిపోర్ట్) వస్తే దాన్ని సోర్స్ లైన్‌గా మార్చేది ఆ ఫైలే. అదే సోర్స్‌తో మళ్ళీ బిల్డ్ చేసినా కంపైలర్ వెర్షనో, ఒక కాన్ఫిగ్ ఆప్షనో తేడా ఉంటే అడ్రసులు కలవవు. అందుకే బయటికి వెళ్ళిన ప్రతి ఇమేజ్‌కీ వీఎంలినక్స్, సిస్టమ్ మ్యాప్, కెర్నల్ కాన్ఫిగ్, స్ట్రిప్ చేయని మాడ్యూళ్ళు, స్ట్రిప్ చేయని మీ సొంత ప్రోగ్రాంలు కుదించి దాచాలి. బిల్డ్‌రూట్‌లో స్ట్రిప్ చేయని లైబ్రరీలు స్టేజింగ్‌లో దొరుకుతాయి, అది తుడవకముందే తీసుకోండి.

దాచినది సరైనదో కాదో పేరు చూసి నమ్మకండి. బిల్డ్ ఐడీతో (ఆ బిల్డ్‌కే ప్రత్యేకమైన గుర్తుతో) కంపైల్ చేస్తే ఆ ఐడీ స్ట్రిప్ చేసిన ఫైల్‌లోనూ చేయని దానిలోనూ ఒకటే ఉంటుంది. "రీడ్‌ఎల్ఫ్"కి చిన్న ఎన్ ఆప్షన్ ఇచ్చి, బోర్డు మీది ఫైల్‌నీ దాచిన ఫైల్‌నీ పోల్చండి. రెండు ఐడీలు కలిస్తేనే పాత బిల్డ్ ఫోల్డర్‌ని తీసేయండి.